ముచ్చటపడి కొన్న పాత బండి మొదటి రైడ్‌కే నీరుగార్చింది, అమ్మేయాలా?

ప్రశ్న: చాలా ఏళ్లుగా నాలుగు సిలిండర్ల కొత్త తరం స్పోర్ట్స్ టూరర్ నడుపుతున్నాను. ఎప్పటి నుంచో ఉన్న కోరిక కొద్దీ ఈ మధ్య 1982 మోడల్ బీఎండబ్ల్యూ ఆర్100 ఆర్‌టీ కొన్నాను. చూడటానికి ఎంత బాగుందో నడిపితే అంత నిరాశ కలిగింది. ఆగి ఉన్నప్పుడు రేజ్ చేస్తే బండి కుడివైపుకి ఊగుతోంది. గేరు మార్చిన ప్రతిసారీ ఠక్కుమంటోంది. యాక్సిలరేటర్ ఇస్తే వెనక భాగం పైకి లేస్తుంది, వదిలితే కూలబడుతుంది, మలుపులో ఒకసారి గుండె ఆగినంత పనైంది. ముందు బ్రేకు లీవర్ దాదాపు హ్యాండిల్ దాకా వస్తేగాని పట్టుకోదు. 90 దాటితే ముందు అంత పెద్ద గాలి అద్దం ఉండి కూడా హెల్మెట్ గడగడలాడుతోంది. ఇంజిన్ టకటకమంటోంది, అద్దాల్లో వెనక ఏముందో కనపడనంత వణుకు, పొద్దున స్టార్ట్ చేస్తే ఎడమ సైలెన్సర్ నుంచి పొగ. అమ్మినాయన్ని అడిగితే ‘పాత బండ్లంటే అంతేనండీ’ అన్నాడు. వచ్చే నెల మా ఆవిడని వెనక కూర్చోబెట్టుకుని, పెట్టెలు తగిలించుకుని దూరప్రయాణం పోదామని ప్లాన్. ఏం చేయమంటారు? అమ్మేసి పాత దారినే పోనా?

జవాబు: అమ్మకండి. కనీసం ఇప్పుడే అమ్మకండి. మీరు ఇంతవరకూ ఆర్100 ఆర్‌టీ నడపలేదు, ఎక్కడో షెడ్డులో ఏళ్ల తరబడి పడి ఉన్న ఒక ఆర్100 ఆర్‌టీని, నాలుగు సిలిండర్ల బండికి అలవాటు పడ్డ చేతులతో నడిపారు. ఆ రెండూ ఒకటి కాదు.

మీ ఉత్తరంలో నన్ను అన్నిటికన్నా కంగారు పెట్టింది బండి లక్షణాలు కాదు, అమ్మినాయన మాట. ‘పాత బండ్లంటే అంతే’ అన్న ముక్క సగం నిజం, అందుకే ప్రమాదం. మీరు రాసినవాటిలో కొన్ని నిజంగానే ఆ బండి పుట్టుకతో వచ్చినవి, ఎన్ని స్పానర్లు పట్టినా పోవు, పోనక్కర్లేదు కూడా. కొన్ని మీ చేతి అలవాటు మారితే వాటంతట అవే సర్దుకుంటాయి. కానీ ఒకటి రెండు మాత్రం అచ్చంగా రిపేరు పనులు, అందులో ఒకటి ప్రాణాల మీదికి తెచ్చేది, దాన్ని కూడా ‘క్యారెక్టర్’ అనే గంపలో వేసి మీకు అంటగట్టారు. పాత బండ్ల అభిమానులం మేమూ తక్కువ తినలేదు లెండి, కారే ఆయిల్‌ని కూడా కవిత్వం చేసి చెప్పడం మాకు అలవాటే. అందుకని ఏది ఏ గంపలోదో విడదీసి చెప్తాను.

ముందు బ్రేకు. లీవర్ హ్యాండిల్ దాకా వస్తోందంటే అది 1982 బ్రేకుల లక్షణం కాదు, పాడైన బ్రేకుల లక్షణం. 1980 దాకా వచ్చిన మోడళ్లలో ముందు బ్రేకు మాస్టర్ సిలిండర్, అంటే బ్రేకు ఫ్లూయిడ్‌ని లైనులోకి తోసే పంపు, పెట్రోల్ ట్యాంకు కింద ఉండేది, లీవర్ నుంచి దానికి ఒక కేబుల్ వెళ్లేది, ఆ ఏర్పాటుతో లీవర్ మెత్తగా ఉందంటే కొంతవరకూ సర్దుకుపోవచ్చు. 1981 నుంచి మాస్టర్ సిలిండర్ హ్యాండిల్ మీదికి వచ్చింది, డిస్కుని పట్టి ఆపే కాలిపర్లు బ్రెంబో కంపెనీవి వచ్చాయి. మీది ఆ తరం బండి. బాగున్నప్పుడు అది ఈ రోజుల్లో లాగా రెండు వేళ్లతో ఆగదు, నాలుగు వేళ్లూ వేసి గట్టిగా పట్టాలి, కానీ లీవర్ మాత్రం ఒక చోట నికరంగా ఆగి, అక్కడి నుంచి ఎంత నొక్కితే అంత ఆగుతుంది. మీ బండిలో అలా లేదంటే లైనులో గాలైనా ఉండాలి, లేదా రబ్బరు గొట్టాలు పాతబడి నొక్కినప్పుడల్లా లోపల ఉబ్బుతుండాలి, లేదా మాస్టర్ సిలిండర్ సీళ్లు పోయి ఉండాలి. గొట్టాలకి బయట పగుళ్లు లేవని మోసపోకండి, చాలాసార్లు లోపలి పొరే ముందు పోతుంది. గొట్టాలు కొత్తవి వేయించి, డాట్ 4 ఫ్లూయిడ్ పూర్తిగా మార్పించి, గాలి తీయించండి. కాలిపర్లు ఒకసారి విప్పి పిస్టన్లు ఇరుక్కున్నాయేమో చూడమనండి. అది అయ్యేదాకా బండిని రోడ్డు మీదికి తీయొద్దు, వీధి చివరి దాకా కూడా వద్దు.

రెండోది మీరు ఉత్తరంలో రాయనే లేదు. టైర్లు. పాత బండి కొన్న ప్రతివాడూ మొదటి ఆదివారం సైలెన్సర్లు పాలిష్ చేస్తాడు, టైరు పుట్టిన తేదీ మాత్రం చూడడు. టైరు పక్కగోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2309 అని ఉంటే 2009లో 23వ వారంలో తయారైందని. అక్కడ నాలుగు కాకుండా మూడే అంకెలు కనిపిస్తే ఆ టైరు 2000 కన్నా ముందుది, దాన్ని ఊడదీసి పక్కన పడేయండి. ఇలాంటి బండ్లు తక్కువ తిరుగుతాయి కాబట్టి టైరు అరగదు, గాడులన్నీ కొత్తగానే కనిపిస్తాయి, కానీ రబ్బరు గట్టిపడి తడి రోడ్డు మీద పట్టు పోయి ఉంటుంది. మీకు మలుపులో గుండె ఆగినంత పనైందన్నారు చూడండి, దానికి ప్రధాన కారణం వేరే ఉంది, చెప్తాను, కానీ ఎండిపోయిన టైరు కూడా అందులో ఒక చెయ్యి వేసి ఉండొచ్చు. టైర్లు మార్చేటప్పుడు లోపల ట్యూబులు కూడా మార్చేయండి, వాటికి మళ్లీ వేరేగా చక్రం ఊడదీయించుకోవడం ఎందుకు.

ఇక కుడివైపు ఊగడం. దీనికి మందు లేదు, ఇది జబ్బూ కాదు. మీ పాత బండిలో క్రాంక్‌షాఫ్ట్, అంటే పిస్టన్లు తిప్పే ప్రధాన ఇరుసు, అడ్డంగా ఉండేది, దీంట్లో ముందు నుంచి వెనక్కి నిలువుగా ఉంది. ఆగి ఉన్నప్పుడు ఒక్కసారిగా రేజ్ చేస్తే లోపల తిరిగేదంతా ఒక దిక్కుకి వేగం అందుకుంటుంది, దాని ఎదురుదెబ్బ బండి శరీరానికి ఇంకో దిక్కున తగులుతుంది. అంతే సంగతి. 1981లో ఫ్లైవీల్ బరువు తగ్గించారు కాబట్టి అంతకు ముందు మోడళ్లతో పోలిస్తే మీది తక్కువే ఊగుతుంది కూడా. బండి కదిలాక దాన్ని మీరు గమనించరు. కొన్నాళ్లకి సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు మీరే కావాలని కాస్త రేజ్ చేసి ఊపి చూసుకుంటారు, రాసిపెట్టుకోండి.

టకటక చప్పుడు కూడా ఇంచుమించు ఇలాంటిదే. గాలితో చల్లబడే ఇంజిను, చుట్టూ చప్పుడు మింగే నీటి జాకెట్ లేదు, సిలిండర్లు రెండూ మీ మోకాళ్ల ముందే బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి, గాలిని అడ్డుకునే ముందు తొడుగు, అదే ఫెయిరింగ్, ఆ చప్పుడుని తిప్పి మీ మీదికే కొడుతుంది. వాల్వుల్ని నొక్కే ట్యాపెట్ల టకటక వినపడితే నిజానికి నిశ్చింతగా ఉండండి. వినపడకపోతేనే భయపడాలి. ఎందుకంటే 1980ల మొదట్లో వచ్చిన మోడళ్లకి ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు, అంటే పొగ వెళ్లే వాల్వులు మూసుకున్నప్పుడు ఆనే రింగులు, అరిగిపోయి లోపలికి దిగబడే జబ్బు ఉంది, 1985 మోడళ్ల దగ్గర అది సరిచేశారు. వాల్వు లోపలికి దిగిపోతున్న కొద్దీ ట్యాపెట్ గ్యాపు తగ్గుతూ వస్తుంది, అంటే ఇంజిన్ నిశ్శబ్దంగా, హాయిగా, చాలా బాగున్నట్టుగా చచ్చిపోతూ ఉంటుంది. కాబట్టి ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్ పెట్టి ఇన్లెట్ 0.10, ఎగ్జాస్ట్ 0.20 మిల్లీమీటర్లకి సెట్ చేయించి ఆ తేదీ, కిలోమీటర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. తర్వాతి సర్వీసు నాటికి ఎగ్జాస్ట్ గ్యాపు చెప్పుకోదగ్గంత తగ్గిందంటే, సెట్ చేసిన తర్వాత మళ్లీ తగ్గిందంటే, హెడ్లు విప్పి సీట్లు మార్పించే సమయం వచ్చిందని అర్థం. ఈ పని మీరే నేర్చుకోండి. చిన్న స్టూలు వేసుకుని కూర్చుంటే సిలిండర్ హెడ్ సరిగ్గా చేతికి అందే ఎత్తులో ఉంటుంది, మూత విప్పితే అంతా కళ్ల ముందే. మీ నాలుగు సిలిండర్ల బండికి ఇదే పని చేయాలంటే ముందు సగం బండి ఊడదీయాలి.

అద్దాల్లో వణుకు సంగతి వేరు, అది బాగుపడుతుంది. ఎదురెదురు సిలిండర్లలో పిస్టన్లు రెండూ ఒకేసారి బయటికి వెళ్లి ఒకేసారి లోపలికి వస్తాయి కాబట్టి ఒకదాని ఊపుని ఇంకోటి చంపేస్తుంది. కానీ రెండు సిలిండర్లూ సరిగ్గా ఒకే గీత మీద ఉండవు, ఒకటి కాస్త ముందుకి ఒకటి కాస్త వెనక్కి ఉంటాయి, ఆ తేడా వల్ల కొద్దిపాటి మెలితిప్పే ఊపు ఎప్పుడూ మిగులుతుంది. అంతవరకు సహజం. అద్దంలో వెనక లారీయో కారో కూడా తెలియనంత వణుకు మాత్రం సహజం కాదు. రెండు వైపులా రెండు బింగ్ కార్బురేటర్లున్నాయి, ఆ రెండూ సమానంగా లాగకపోతే ఒక సిలిండర్ పని చేస్తూ రెండోది దాని మీద పడి బతుకుతూ ఉంటుంది. లోపల పల్చటి రబ్బరు డయాఫ్రమ్‌లు ఉంటాయి, వాటిని వెలుతురుకి ఎత్తి పట్టుకుని కాస్త సాగదీసి చూడమనండి, సూదిమొనంత చిల్లి ఉన్నా ఆ వైపు పికప్ పడిపోతుంది. రెండూ మార్చి, ట్యాపెట్లు సెట్ చేశాక, అవును ట్యాపెట్లు అయ్యాకనే, ఇంజిన్ బాగా వేడెక్కించి రెండు కార్బురేటర్లనీ వ్యాక్యూమ్ గేజులతో సమం చేయించండి. ఐడిల్ దగ్గర ఒకసారి, రెండు కేబుళ్లూ లాగడం మొదలుపెట్టే చోట ఇంకోసారి. ఈ ఒక్క పనితో బండి మారిపోయిందని మీరే అంటారు.

ఇంకో మాట, మీరు ఏ గేరులో ఏ వేగంలో పోతున్నారో రాయలేదుగానీ, కొత్త బండ్ల అలవాటుతో రెండు వేల ఆర్‌పీఎమ్ దగ్గరే టాప్ గేరు వేసేస్తున్నారని నా అనుమానం. ఈ ఇంజిన్ అక్కడ లాగుతుంది, లాగదని కాదు, కానీ వణుకుతూ సణుగుతూ లాగుతుంది. టాప్ గేరులో 100 దగ్గర ముల్లు మూడున్నర, నాలుగు వేల మధ్య ఉంటుంది, అక్కడికి చేరాక దాని అసలు రూపం కనపడుతుంది. 980 సీసీ, 70 గుర్రాల శక్తి అని కాగితం మీద చదివితే ఈ రోజుల్లో నవ్వొస్తుంది, కానీ ఆ వేగంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా గేరు మార్చకుండా కూర్చోవడానికే ఈ ఇంజిన్‌ని కట్టారు. ట్యాంకు 24 లీటర్లు పెట్టింది కూడా అందుకే.

గేర్ల విషయానికొద్దాం. ఇందులో తప్పు సగం మీది, సగం బహుశా బండిది. దీని క్లచ్ కారులో ఉన్నట్టు ఒకే ఒక్క పెద్ద పొడి ప్లేటు, ఇంజిన్ వేగంతోనే తిరుగుతుంది, గేర్‌బాక్స్ విడిగా తన ఆయిల్‌లో తను ఉంటుంది. మీ పాత బండిలో లాగా కాలితో తడితే గేరు పడిపోదు, లోపల తిరిగే బరువులు నెమ్మదించడానికి ఒక్క క్షణం అడుగుతుంది. పై గేరుకి వెళ్లేముందే కాలి బొటనవేలితో గేరు లీవర్‌ని మెత్తగా పైకి అదిమి పట్టుకోండి, గొళ్లెం తీసేముందు తలుపుని కాస్త నెట్టి పట్టుకుంటాం కదా, అలా. అప్పుడు యాక్సిలరేటర్ కొద్దిగా మూసి క్లచ్ కాస్త లాగితే గేరు దానంతటదే జారి కూర్చుంటుంది. క్లచ్ హ్యాండిల్ దాకా లాగనక్కర్లేదు. కిందికి వచ్చేటప్పుడు మధ్యలో చిన్న రేజ్ ఇవ్వండి. తొందరపడితే ఠక్కుమంటుంది, నిదానంగా వేస్తే పలకదు. న్యూట్రల్ నుంచి ఫస్ట్ వేసేటప్పుడు వచ్చే చప్పుడు మాత్రం ఎంత నేర్చుకున్నా ఉంటుంది, దాన్ని వదిలేయండి.

ఇలా చేసినా గేరు గట్టిగా, రాసుకుంటున్నట్టు పడుతోందంటే గేర్‌బాక్స్ ఆయిల్ మార్చి చూడండి. అప్పటికీ లొంగకపోతే క్లచ్ ప్లేటు జారే స్ప్లైన్లు ఎండిపోయి ఉంటాయి. గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ మీద సన్నటి పళ్లుంటాయి, క్లచ్ ప్లేటు వాటి మీద ముందుకీ వెనక్కీ జారాలి. అక్కడికి ఏ ఆయిలూ చేరదు, ఎవరో ఒకరు గేర్‌బాక్స్ వెనక్కి జరిపి చేత్తో గ్రీజు రాయాల్సిందే, చాలామంది రాయరు. పళ్లు అరిగేదాకా ఆగితే షాఫ్ట్ మార్చాలి, ముందే రాస్తే ఒక పూట పనితో పోతుంది. అమ్మినాయన్ని ఇది ఎప్పుడు చేయించారో అడగండి. ఆయన ముఖం తేలేస్తే మీకు జవాబు దొరికినట్టే.

ఇప్పుడు ఆ మలుపు. వెనక భాగం లేవడం, కూలబడటం షాఫ్ట్ డ్రైవ్ వల్ల, అంటే చైను బదులు కడ్డీతో వెనక చక్రాన్ని తిప్పడం వల్ల. మీరు యాక్సిలరేటర్ ఇచ్చినప్పుడు వెనక చక్రం దగ్గరున్న పినియన్ అనే చిన్న పళ్లచక్రం క్రౌన్ వీల్ అనే పెద్ద పళ్లచక్రం మీదికి ఎక్కాలని చూస్తుంది, ఆ తోపుడు వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ ద్వారా బండిని పైకి ఎత్తుతుంది. వదిలేస్తే అదంతా తిరగబడి కిందికి దిగుతుంది. దానికి తోడు సస్పెన్షన్ మెత్తన, ముందు ఫోర్కులే 200 మిల్లీమీటర్లు కదులుతాయి. ఈ వాలకం చూసే జర్మన్లు ఈ బండ్లని రబ్బరు ఆవు అని వెక్కిరించేవాళ్లు, ఆ వెక్కిరింతే తర్వాత ముద్దుపేరైంది. కంపెనీ వాళ్లకీ ఇది తెలుసు, 1987లో ఆర్100 జీఎస్‌కి పారాలీవర్ అనే జంట కడ్డీల ఏర్పాటు తెచ్చింది దీన్ని అణచడానికే. మీ బండిలో అది లేదు, కాబట్టి మీరే సర్దుకోవాలి.

మీకు జరిగింది ఇదీ అనుకుంటున్నా. మలుపులోకి కొంచెం వేగంగా వెళ్లారు, లోపలికి వెళ్లాక ఎక్కువైందనిపించి చటుక్కున యాక్సిలరేటర్ మూసేశారు. కొత్త బండిలో అయితే పెద్దగా తెలియదు. దీంట్లో మాత్రం సరిగ్గా ఆ క్షణంలో, బండి పక్కకి వాలి ఉండగా, వెనక భాగం ఒక్కసారిగా కూలబడుతుంది, నేలకీ బండికీ మధ్య ఉన్న జాగా తగ్గిపోతుంది, సెంటర్ స్టాండో సైలెన్సరో రోడ్డుకి రాసుకుని గర్రుమంటుంది, బండి గీత తప్పి వెడల్పుగా పోతుంది. మందు ఒక్కటే. వేగం తగ్గించడం, గేరు మార్చడం, ఆ గోలంతా మలుపుకి ముందే నిటారుగా ఉన్నప్పుడు ముగించండి. మీకు అవసరం అనిపించిన దానికన్నా కొంచెం తక్కువ వేగంతో లోపలికి వెళ్లండి. వాలగానే యాక్సిలరేటర్ కొద్దిగా తెరిచి, మలుపు దాటేదాకా అలాగే నికరంగా పట్టుకోండి. అప్పుడు షాఫ్ట్ బండిని పైకి లేపి ఉంచుతుంది, జాగా పెరుగుతుంది, మీకు శత్రువనిపించిందే మీ పక్షాన పనిచేస్తుంది. ఖాళీగా ఉండే ఒక వంకర రోడ్డు చూసుకుని ఒకే ముక్క మీద మళ్లీ మళ్లీ తిరగండి. వేగం పెంచకండి, ఒకే వేగంలో ఎంత నునుపుగా పోగలరో చూడండి. మలుపులో చటుక్కున మూసే అలవాటు చేతిలోంచి పోవడానికి కొంత టైమ్ పడుతుంది, భయం వేసినప్పుడు అదే ముందు బయటికి వస్తుంది కాబట్టి అది పోయేదాకా వెనక ఎవరినీ ఎక్కించుకోకండి.

ఈ పాఠం నేర్చుకునే లోపు షాకబ్జార్బర్లు ఒకసారి చూసుకోండి. వెనక సీటుని కిందికి నొక్కి వదిలితే ఒకసారి లేచి కుదురుకోవాలి. అలా కాకుండా రెండు మూడుసార్లు ఎగిరితే వాటి పని అయిపోయింది. ఫోర్క్ ఆయిల్ కూడా మార్పించండి, చాలామంది ఇంజిన్ ఆయిల్ మారుస్తారుగానీ ఫోర్కుల్లో ఒక ఆయిల్ ఉందనే మర్చిపోతారు.

గాలి హోరు గురించి. బీఎండబ్ల్యూ వాళ్లు 1976లో ఆర్100 ఆర్‌ఎస్ తెచ్చారు, హాన్స్ ముత్ డిజైన్ చేసిన దాని ఫెయిరింగ్‌ని పినిన్‌ఫరీనా వారి విండ్ టన్నెల్‌లో తీర్చిదిద్దారు. రెండేళ్లకి వచ్చిన ఆర్‌టీ దాని తోబుట్టువే, కాకపోతే హ్యాండిల్ ఎత్తుగా, అద్దం పెద్దగా, చేతులకీ కాళ్లకీ గాలీ వానా తగలకుండా చేశారు. మీ ఛాతీకి గాలి తగలడం లేదు కదా, గమనించారా? ఆ పని అది చేస్తోంది. మీ బాధ అద్దం పై అంచు దగ్గర చిరిగిన గాలి సుళ్లు తిరిగి సరిగ్గా మీ హెల్మెట్‌కి తగలడం. ఇది అద్దం తప్పుకన్నా మీ ఎత్తుకీ ఆ అద్దానికీ పొత్తు కుదరకపోవడం. ఒక పరీక్ష చేయండి. ఖాళీ రోడ్డు మీద ఆ 90 వేగంలో పోతూ మెల్లగా తల వంచండి, తర్వాత వీపు నిటారు చేసి కాస్త పైకి లేవండి. తల దించితే హోరు తగ్గిందా, మీకు ఇంకాస్త పొడుగు అద్దం కావాలి. పైకి లేస్తే తగ్గిందా, పొట్టి అద్దం కావాలి, మామూలు గాలి తలకి నేరుగా తగిలితే ఆ గడగడ ఉండదు. ఆర్‌టీ అద్దం వాలు మార్చుకునే వీలుంది, ఏ డబ్బూ ఖర్చు పెట్టకముందు అది తిప్పి చూడండి. ఏం చేసినా ఇయర్ ప్లగ్స్ మాత్రం పెట్టుకోండి. దూరప్రయాణంలో రైడర్‌ని అలసిపోయేలా చేసేది నడుము నొప్పి కన్నా ఎక్కువగా ఆ హోరే.

పొగకి కారణం చిన్నది. బండిని సైడ్ స్టాండ్ మీద పెడుతున్నారు. ఎడమకి వాలినప్పుడు ఆయిల్ మెల్లగా ఎడమ సిలిండర్‌లోకి దిగుతుంది, పొద్దున స్టార్ట్ చేయగానే అది కాలిపోతుంది. సెంటర్ స్టాండ్ మీద పెట్టండి, పొగ పోతుంది. అప్పటికీ వస్తే, లేదా వేడెక్కిన తర్వాత కూడా నీలం పొగ వస్తుంటే, అప్పుడు ఆలోచిద్దాం. సైడ్ స్టాండ్‌తో ఇంకో ప్రమాదం కూడా ఉంది, దాని మీది బరువు తీయగానే అది స్ప్రింగుతో దానంతటదే మడుచుకుపోతుంది. స్టాండ్ వేసే ఉందనుకుని బండిని వదిలేసి, అది కిందపడుతుంటే చూస్తూ నిలబడ్డవాళ్లు ఈ బండి యజమానుల్లో బోలెడుమంది. 230 కిలోల పైచిలుకు బరువు, ఒకసారి వాలడం మొదలైతే ఆపలేరు. బండి ఆపగానే పెట్రోల్ ట్యాపులు రెండూ కట్టేయండి. రెండూ, ట్యాంకుకి రెండు వైపులా ఒక్కొక్కటి ఉంది.

ఇవి కాక మీరు అడగని రెండు మూడు మాటలు. ఇంజిన్ ఆయిల్ చూసేటప్పుడు బండి సెంటర్ స్టాండ్ మీద ఉండాలి, డిప్‌స్టిక్‌ని బిగించకుండా ఊరికే లోపల ఆనించి తీయాలి, ఆయిల్ రెండు గీతలకి మధ్యలో ఉంటే చాలు, పై గీత దాకా పోస్తే ఎక్కువైంది ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోకి కక్కుతుంది. ఆయిల్ ఫిల్టర్ మార్చేటప్పుడు మూత దగ్గర ఒక తెల్లటి ఓ-రింగ్ ఉంటుంది, ఈ బండ్ల లోకంలో దాన్ని రెండు వేల డాలర్ల ఓ-రింగ్ అంటారు, ఎందుకంటే అది సరిగ్గా కూర్చోకపోతే ఆయిల్ ప్రెషర్ పడిపోయి పోయేది ఇంజిన్. ఆ మోడల్ తెలిసిన మెకానిక్‌తోనే చేయించండి, లేదా పక్కన నిలబడి చూడండి. కీ తిప్పగానే చార్జింగ్ దీపం వెలగాలి, ఇంజిన్ స్టార్టయి కాస్త రేజ్ ఇస్తే ఆరాలి. ఆరకపోతే అందరూ గమనిస్తారుగానీ అసలు వెలగకపోతే ఎవరూ పట్టించుకోరు, అసలు గొడవ అక్కడే. ఆల్టర్నేటర్‌కి మొదటి కరెంటు ఆ బల్బు గుండానే వెళ్తుంది, బల్బు మాడినా, రోటర్ లోపల తీగ తెగినా దీపం వెలగదు, బ్యాటరీ చార్జ్ అవదు, ఎక్కడో దారి మధ్యలో బండి ఆగిపోయాక తెలుస్తుంది. ఇంకోటి, ఇంజిన్ ముందు మూత విప్పాల్సి వస్తే బ్యాటరీ తీగ ముందు ఊడదీయండి, ఆ మూత వెనకే డయోడ్ బోర్డు ఉంది, కరెంటు పారుతూ ఉంటుంది.

ఇక వచ్చే నెల ప్రయాణం. బండి మీద వద్దు. టికెట్లు, బసలు బుక్ చేసుకుని ఉంటే కారులో వెళ్లి రండి, మీ ఆవిడ ఏమీ అనుకోరు. ఈ బండికి బ్రేకులు, టైర్లు, ట్యాపెట్లు, కార్బురేటర్లు, ఆయిళ్లు అన్నీ అయ్యాక ఒంటరిగా కొన్ని వారాలు తిరగండి, సాయంత్రానికి ఇంటికి తిరిగొచ్చే దూరాలు. తర్వాత ఖాళీ పెట్టెలు తగిలించి తిరగండి, ఎందుకంటే వెనక వెడల్పు పెట్టెలు, ముందు ఫెయిరింగ్, టైరులో తక్కువ గాలి, ఈ మూడూ కలిస్తే ఎక్కువ వేగంలో బండి మెల్లగా పాములా ఊగుతుంది, ఆ ఊపు ఏ వేగంలో మొదలవుతుందో మీ ఒక్కరే ఉన్నప్పుడు తెలుసుకోవడం మేలు. మొదలైతే హ్యాండిల్‌ని గట్టిగా బిగపట్టకండి, బ్రేకు గుప్పున వేయకండి, యాక్సిలరేటర్ మెల్లగా తగ్గించండి. స్టీరింగ్ బేరింగులు అరిగాయేమో కూడా చూపించండి, సెంటర్ స్టాండ్ వేసి ముందు చక్రం గాల్లో ఉండగా హ్యాండిల్‌ని అటూ ఇటూ తిప్పితే మధ్యలో ఎక్కడా పట్టినట్టు ఉండకూడదు.

అదంతా అయి, అప్పటికీ ఈ బండి నచ్చకపోతే నిరభ్యంతరంగా అమ్మేయండి, తప్పేం లేదు, కొందరికి ఈ నెమ్మది పడదు. ఎటూ బాగుచేసిన బండికి మంచి ధరే వస్తుంది. కానీ మీరు వెనక సీటు గురించి ఒక్క ముక్క కూడా రాయలేదు. అది వెడల్పుగా, మెత్తగా ఉంటుంది, ముందు మీ వీపు, దాని ముందు అంత పెద్ద ఫెయిరింగ్. మీ పాత స్పోర్ట్స్ టూరర్ మీద మోకాళ్లు ముడుచుకుని కూర్చున్న మనిషి ఒకసారి దీని మీద కూర్చున్నాక అమ్మే నిర్ణయం మీ చేతిలో ఉంటుందని నేననుకోను. ఆవిడని ఎక్కించుకునే రోజు మాత్రం వెనక షాకబ్జార్బర్ల ప్రీలోడ్, అంటే స్ప్రింగు బిగువు, పెంచి, టైర్లలో గాలి ఇద్దరి బరువుకి తగ్గట్టు కొట్టించుకుని, హెడ్‌లైటు ఆకాశం చూడకుండా సరిచేసుకుని బయల్దేరండి.